రికార్డు గది నుంచి హార్డ్ డిస్కు దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, "పెన్షను బకాయిల గురించి రాయమంటారా, సర్వీసు రూల్సు గురించి రాయమంటారా?" అని అడిగాను. "అవి రాసేవారు చాలామంది ఉన్నారు. ఇంట్లో కంప్యూటరుకు ఏ హార్డ్ డిస్కు కొనాలి, ఎంతది కొనాలి అని మన సభ్యులు నన్ను అడుగుతున్నారు. అది మీరు రాయండి" అన్నారు వారు.

నేను ఇంజనీరును కాను. 1972లో రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అందులో పదకొండేళ్లు రికార్డు గదిలోనే గడిచాయి. ఆలోచిస్తే హార్డ్ డిస్కు కూడా ఒక రికార్డు గదే. అందులోనూ ర్యాకులు ఉన్నాయి, వరస నంబర్లు ఉన్నాయి, వెతికి తెచ్చే అటెండరు ఉన్నాడు. చెదలు పట్టినట్టు అదీ పాడవుతుంది. కనుక నాకు తెలిసిన రికార్డు గది నుంచే మొదలుపెడతాను. దాని చరిత్ర తెలిస్తే ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుందని నా నమ్మకం.

రికార్డు గది నేర్పిన పాఠం

మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫైలు ముగియగానే దానిమీద డిస్పోజల్ వేసేవాళ్లం. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది. డి.డిస్. అంటే పదేళ్లు ఉంచి తరువాత ధ్వంసం చేయవలసినది. ఎల్.డిస్. అంటే అంతకన్నా తక్కువ కాలానిది. ఈ విభజన లేకపోతే ఎంత పెద్ద గది కట్టినా చాలదు. ఏది ఉంచాలో తెలియనివాడు అన్నీ ఉంచుతాడు. అన్నీ ఉంచినవాడికి కావలసిన కాగితం వేళకు దొరకదు.

రెండో పాఠం నకళ్ల సెక్షనులో నేర్చుకున్నాను. ఎవరైనా నకలుకు దరఖాస్తు పెట్టుకుంటే ఒకరు రాసేవారు, ఒకరు అసలు ప్రతి చదివేవారు, మరొకరు సరిచూసేవారు. నకలు అడుగున "రాసినవారు", "సరిచూసినవారు" అని సంతకాలు పడితేనే అది నకలు. సరిచూడని నకలును ఉత్త కాగితం కింద జమకట్టేవారు మా సూపరింటెండెంటు గారు.

మూడో పాఠం గోదావరి నేర్పింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ మరుసటి ఏడు, 1986 ఆగస్టులో, మన తరం ఎరిగిన గోదావరి వరదలలోకెల్లా పెద్దది వచ్చింది. అప్పుడు నేను ఒక లంక మండలం ఆఫీసులో ఉన్నాను. రాత్రికి రాత్రి నీళ్లు లోపలికి వచ్చి కింది రెండు ర్యాకులూ మునిగిపోయాయి. నీరు తీశాక కట్టలు విప్పి, కాగితాలను వరండాలో పరిచి ఆరబెట్టాం. సిరాతో రాసినవి చాలావరకు కరిగిపోయాయి. కొన్ని పుస్తకాలు అట్టలా అంటుకుపోయి, విడదీయబోతే ముద్దగా ఊడి వచ్చాయి.

ఆ తరువాత నెలకు ఒక ముసలి రైతు వచ్చాడు. రెండెకరాల తగాదా. మా దగ్గరున్న డైగ్లాట్ రిజిస్టరులో అతని సర్వే నంబరున్న పేజీ లేదు. "అయ్యా, నా పొలం గోదాట్లో కలిసిపోయినట్టేనా?" అని అడిగాడు. లేదు, కలవలేదు. ఎందుకంటే అదే రిజిస్టరు ప్రతి మరొకటి జిల్లా కేంద్రంలో పొడిగా ఉంది. అక్కడినుంచి నకలు తెప్పించి ఇచ్చాం. ఆ రైతును కాపాడినది మా గట్టి బీరువా కాదు, వేరే ఊళ్లో ఉన్న రెండో ప్రతి.

ఈ మూడు పాఠాలూ ఆఫీసులో నేర్చుకున్నాను. ఇంట్లో మరిచిపోయాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

టన్ను బరువు బీరువా

మనం కట్టలు మోస్తున్న రోజులలో అమెరికాలోనూ ఇదే బాధ ఉండేది. అక్కడి పెద్ద కంపెనీలు లెక్కలను చిల్లుల కార్డులమీద, అయస్కాంత టేపులమీద ఉంచేవి. టేపులో చిక్కేమిటంటే, మధ్యలో ఉన్న ఒక్క పద్దు కావాలన్నా మొదటినుంచీ చుట్టుకుంటూ పోవలసిందే. మన క్యాసెట్టులో ఐదో పాట వినాలంటే నాలుగు దాటాలి గదా, అలాగన్నమాట.

దీనికి విరుగుడు కనిపెట్టినది కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో ఉన్న ఐ.బి.ఎం. ప్రయోగశాల. అక్కడి బృందానికి నాయకుడు రేనాల్డ్ జాన్సన్. ఆయన అంతకుముందు హైస్కూలు మాస్టరు, పరీక్షల జవాబులు దిద్దే యంత్రం కనిపెట్టి ఐ.బి.ఎం.లో చేరినవాడు. మన సంఘంలోని ఉపాధ్యాయ మిత్రులు ఇది విని సంతోషిస్తారని రాస్తున్నాను. 1956లో వారు "రామాక్" అనే యంత్రాన్ని ప్రకటించారు. రెండడుగుల వెడల్పు గల 50 పళ్లేలు ఒక ఇరుసుమీద నిమిషానికి 1,200 సార్లు తిరుగుతుండేవి. వాటిమీద అయస్కాంతపు పూత. ఒక చెయ్యి పైకీ కిందికీ కదిలి, కావలసిన పళ్లెం దగ్గర ఆగి, కావలసిన చోట చదివేది. మొదటినుంచీ చుట్టుకుంటూ పోయే పని తప్పింది.

ఆ డిస్కు బీరువా బరువు సుమారు ఒక టన్ను. మొత్తం యంత్రానికి అద్దె నెలకు 3,200 డాలర్లు. ఇంతా చేసి అందులో పట్టినవి 50 లక్షల అక్షరాలు. మన ఫుల్‌స్కేపు కాగితం ఒక పేజీకి రెండు వేల అక్షరాలు వేసుకుంటే 2,500 పేజీలు. మా రికార్డు అటెండరు భుజంమీద వేసుకుని మెట్లెక్కే కట్ట అంత. ఈ రోజు మా మనవరాలు సెల్‌ఫోనుతో తీసే ఒక్క ఫోటోకు కూడా దాదాపు అంత చోటు కావాలి.

తరువాతి మలుపు 1973. ఐ.బి.ఎం. వారే "వించెస్టర్" అనే మారుపేరుతో మరో డిస్కు తెచ్చారు. ఇందులో పళ్లేలనూ చదివే ముల్లునూ కలిపి ఒకే పెట్టెలో మూసేశారు. చదివే ముల్లు అంటున్నాను గాని అది పళ్లేన్ని తాకదు, గాలి పొరమీద తేలుతుంది. ఈనాటి డిస్కులలో ఆ ఎడం పది నానోమీటర్ల లోపే. మన వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అంత సన్నని సందులో దుమ్ము రేణువు పడితే అది బండరాయితో సమానం. అందుకే మూసిన పెట్టె. ఈనాటికీ మన ఇళ్లలోని హార్డ్ డిస్కు ఆ వంశంలోదే. దాన్ని విప్పి చూడకూడదని అనడానికి కారణమూ ఇదే.

1980లో సీగేట్ కంపెనీ ఐదుంపావు అంగుళాల డిస్కు చేసింది. దానిలో పట్టేది 5 మెగాబైట్లు. టన్ను బరువు బీరువా ఇరవై నాలుగేళ్లలో బల్లమీద పెట్టుకునే డబ్బా అయింది. 1983లో ఐ.బి.ఎం. అమ్మిన పర్సనల్ కంప్యూటరు ఎక్స్.టి.లో 10 మెగాబైట్ల డిస్కు లోపలే అమర్చి ఇచ్చారు.

మన దేశానికి వస్తే, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ 1976లో ఏర్పడింది. ఐ.బి.ఎం. కంపెనీ 1978లో మన దేశం విడిచిపోయింది. 1980ల చివరికి జిల్లా కేంద్రాలలో కంప్యూటరు గదులు వెలిశాయి. ఏ.సి. వేసిన ఆ గదిలోకి చెప్పులు బయట విడిచి, గుడిలోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం. మేము రాసిచ్చిన పట్టికలను కుర్రవాళ్లు టకటకా కొడుతుంటే, "ఈ కాగితాలన్నీ ఎక్కడ పెడతారు నాయనా?" అని అడిగాను. ఒక డబ్బా చూపించారు. నేను నమ్మలేదు.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో "కార్డ్" పథకం వచ్చింది. అంతవరకూ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులలో దస్తావేజులను గుమాస్తాలు పుస్తకాలలోకి చేత్తో ఎక్కించేవారు. ఆ తరువాత దస్తావేజు బొమ్మనే కంప్యూటరులో దాచడం మొదలైంది. చేతిరాత నకలుకు కాలం చెల్లిపోతున్నదని ఆ రోజున నాకు అర్థమైంది. సరిచూడడానికి కూడా కాలం చెల్లిందని అనుకోవడం నా పొరపాటు.

అదే కాలంలో డిస్కుల లోపల మరొక విప్లవం జరిగింది. 1988లో ఫ్రాన్సులో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బెర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఎవరికి వారుగా, అతి పలుచని లోహపు పొరల గుణం ఒకటి కనుగొన్నారు. అయస్కాంత శక్తి కొద్దిగా మారినా ఆ పొరలలో విద్యుత్తు ప్రవాహం బాగా మారుతుంది. దానితో చాలా చిన్న గుర్తులను కూడా చదవగల ముల్లు తయారైంది. 1997లో ఆ ముల్లుతో డిస్కులు అమ్మకానికి వచ్చాయి. 2007లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది హిటాచీ కంపెనీ మొట్టమొదటి ఒక టెరాబైట్ డిస్కు తెచ్చింది. టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లు. పైన చెప్పిన ఫుల్‌స్కేపు లెక్కలో 50 కోట్ల పేజీలు.

మా ఇంటి రికార్డు

2008లో రిటైరైనప్పుడు గ్రాట్యుటీ డబ్బులోంచి ఒక కంప్యూటరు కొన్నాను. అందులో 160 గిగాబైట్ల హార్డ్ డిస్కు. "ఇది నిండేసరికి మనముండం" అని మా ఇంటావిడతో అన్నాను.

మా ఇంటావిడకు పెళ్లి పాటలు, సీమంతం పాటలు, అప్పగింతల పాటలు వచ్చు. వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్నవి. అవి ఏ పుస్తకంలోనూ లేవు. మా అమ్మాయి పెళ్లికి ముందు నేనే టేపురికార్డరు పెట్టి, నాలుగు క్యాసెట్లలో 31 పాటలు పాడించాను. 2010 వేసవిలో మా అబ్బాయి వచ్చి వాటిని కంప్యూటరులోకి ఎక్కించాడు. క్యాసెట్లకు బూజు పట్టింది. కంప్యూటరులో ఉన్నాయి గదా అని వాటిని పాత సామాన్లవాడికి వేసేశాను. నేనే వేశాను. ఎవరూ వేయమనలేదు.

2011 చివర అబ్బాయి ఫోనులో, "నాన్నా, విడిగా ఒక డిస్కు కొని అన్నీ అందులో కూడా పెట్టు" అన్నాడు. షాపుకు వెళ్లాను. ధర విని వెనక్కి వచ్చాను. కొద్ది వారాలలోనే రెట్టింపయింది. ఏమిటని అడిగితే థాయిలాండులో వరదలన్నారు. ఆ ఏడు అక్టోబరులో అయుత్తయ ప్రాంతంలోని పారిశ్రామికవాడలు మునిగిపోయాయి. ప్రపంచంలో తయారయ్యే హార్డ్ డిస్కులలో, వాటి మోటార్లలో పెద్ద భాగం ఆ చుట్టుపక్కలే తయారయ్యేవి. అక్కడి ఫ్యాక్టరీలలోకి నీళ్లు వస్తే ఇక్కడ మన ఊరి షాపులో ధర పెరిగింది. 1986 వరద చూసినవాణ్ణి, నాకు అర్థం కావలసింది వేరు. నేను మాత్రం "ధర తగ్గాక చూద్దాం" అనుకున్నాను.

2012లో మా ఇంటావిడ పోయింది. ఆ తరువాత కొన్నాళ్లు ఆ పాటలు వినే ధైర్యం లేక కంప్యూటరే తీయలేదు. 2013 వేసవిలో తీస్తే లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. తెర నల్లగా ఉండిపోయింది. హైదరాబాదులో పాడైన డిస్కులనుంచి సమాచారం తీసే చోటికి అబ్బాయి పట్టుకెళ్లాడు. ముల్లు పళ్లేన్ని గీసుకుపోయిందనీ, ఏమీ రాదనీ చెప్పారు. డిస్కు చేసినవారిని నేను తప్పుపట్టను. తిరిగే యంత్రం ఏదో ఒకనాడు ఆగుతుంది. ముప్పై ఆరేళ్లు ఊరందరి కాగితాలకూ రెండో ప్రతి ఉందో లేదో చూసినవాణ్ణి, మా ఇంటి ఆర్.డిస్. కాగితానికి రెండో ప్రతి పెట్టలేదు.

31 పాటలలో నాలుగు మిగిలాయి. అవి కూడా మా అమ్మాయి ఒకసారి రైలులో వినడానికని పెన్‌డ్రైవులో వేసుకుపోయినందువల్ల.

ఇక ఏది కొనాలి?

ఇప్పుడు సభ్యుల ప్రశ్నకు వస్తాను. మొదట కొనకండి. ముందు డిస్పోజల్ వేయండి. ఇంట్లో ఉన్నవాటిలో ఏవి ఆర్.డిస్., ఏవి ఎల్.డిస్. అని ఒక కాగితంమీద రాయండి. పి.పి.ఓ., ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లి ఫోటోలు, పెద్దల గొంతులు శాశ్వతం. వాట్సాపులో రోజూ వచ్చే శుభోదయం బొమ్మలు శాశ్వతం కావు.

తరువాత కొలత. ఒక ఫోటో 4 మెగాబైట్లనుకుంటే 20,000 ఫోటోలకు 80 గిగాబైట్లు. నా ఫోనులో తీసిన వీడియో గంటకు సుమారు 8 గిగాబైట్లు తింటున్నది. 40 గంటలకు 320. రెండూ కలిపి 400. కనుక మామూలు కుటుంబానికి 1 టెరాబైట్ చాలు, సగానికి పైగా ఖాళీ ఉంటుంది. కొన్నాక కంప్యూటరు 931 గిగాబైట్లే చూపిస్తే కంగారుపడి షాపువాడితో తగాదా పెట్టుకోకండి. కంపెనీవారు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, కంప్యూటరు 1,024 చొప్పున లెక్కిస్తుంది. తేడా లెక్కలోనే గాని డిస్కులో కాదు.

ఇక రకం. ఇప్పుడు షాపులో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి మనం చెప్పుకున్న తిరిగే హార్డ్ డిస్కు. రెండోది ఎస్.ఎస్.డి. ఇందులో తిరిగేదేమీ లేదు. జపానులో తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా 1980లలో కనిపెట్టిన ఫ్లాష్ మెమొరీ దీనికి మూలం. అక్షరాలను అయస్కాంతపు గుర్తులుగా కాక, చిన్న చిన్న అరలలో బంధించిన విద్యుత్తుగా దాస్తుంది. చాలా వేగం. చెయ్యి జారి పడినా తట్టుకుంటుంది. కంప్యూటరు లోపల, రోజువారీ పనికి ఇదే కొనండి. 256 లేదా 512 గిగాబైట్లది చాలు. అయితే కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే ఆ బంధించిన విద్యుత్తు మెల్లగా జారిపోవచ్చు. కనుక దాచిపెట్టడానికి తిరిగే డిస్కే నయం. దానినీ కొన్ని నెలలకొకసారి తగిలించి తిప్పుతుండాలి.

తిరిగే డిస్కులలోనూ ఒక తేడా ఉంది. కొన్నింటిలో రాత గీతలను పెంకుటింటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి కొంచెం కప్పి పేరుస్తారు. తక్కువ చోట ఎక్కువ పడుతుంది. కాని కింది పెంకు మార్చాలంటే పైవి తీయాలి గదా, అలాగే వీటిలో పాతదాన్ని దిద్ది రాయడం ఆలస్యం. వీటిని ఎస్.ఎం.ఆర్. అంటారు. ఒకసారి రాసి దాచుకోవడానికి ఇవి పనికివస్తాయి. రోజూ దిద్దే పనికి మాత్రం సి.ఎం.ఆర్. రకం అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. డబ్బు చూసుకుని పెద్దది ఒకటి కొనకండి. చిన్నవి రెండు కొనండి. పెద్దదానిలో గిగాబైటు చవకగా పడుతుందని షాపువాడు చెబుతాడు, అది నిజమే. కాని మనం కొంటున్నది గిగాబైట్లను కాదు, రెండో ప్రతిని. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫరు ప్రచారం చేసిన సూత్రం ఒకటుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. ఇది మన డైగ్లాట్ పద్ధతే. కంప్యూటరులో ఒకటి, బీరువాలో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న అబ్బాయి ఇంట్లోనో అమ్మాయి ఇంట్లోనో ఒకటి. ఇంటర్నెట్‌లో అద్దెకు దాచుకునే సదుపాయమూ ఉంది. దానిని వాడితే పాస్‌వర్డు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. తాళంచెవి దాచి తాళం గురించి చెప్పకుండా పోవడం మన వయసువారికి తగదు.

నకలు తీశాక సరిచూడండి. నాలుగు ఫోటోలు తెరిచి చూడండి, రెండు పాటలు వినండి. డిస్కు కొన్న తేదీ దానిమీద చీటీ రాసి అంటించండి. ఐదారేళ్లు దాటితే బాగానే ఉన్నా కొత్తదానిలోకి నకలు తీయండి. తాటాకును మళ్లీ తాటాకుమీదకి ఎక్కించిన లేఖకుల వల్లనే మన పాత గ్రంథాలు మనదాకా వచ్చాయి. ఏ ఆకూ శాశ్వతం కాదు, ఏ డిస్కూ శాశ్వతం కాదు.

మిగిలిన ఆ నాలుగు పాటలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. మూడో పాట చివర మా ఇంటావిడ, "ఆపేశారా? ఇంకో చరణం ఉంది" అని నన్నడిగిన మాట కూడా పడింది. ఆ చరణం మరో క్యాసెట్టులో ఉండేది. ఇప్పుడు లేదు.

మిత్రులారా, మనం బ్రతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. అది ఇచ్చి వచ్చిన రోజే ఇంటికి వెళ్లి బీరువాలోని డిస్కును కూడా తగిలించి, అదీ బ్రతికే ఉందో లేదో చూడండి. గుర్తుపెట్టుకోవడానికి వేరే తేదీ అక్కరలేదు. ఈ సంచిక చదివిన ఒక్క సభ్యుడైనా ఈ వారంలో రెండో ప్రతి తీసుకుంటే, కార్యదర్శి గారు నాకు అప్పగించిన పని పూర్తయినట్టే.